ఉడుతాభక్తి, ఉండేలుబద్ద

చిక్కడపల్లి గ్రంథాలయం దారిలో నిన్న ఒక కుర్రవాడు వేపచెట్టు మీది ఉడుతకు గురిచూసి రాయి విసిరాడు. మందలించబోయి ఆగాను. శరత్కాలంలో, దసరా సెలవుల్లో, మా ఊరి మామిడితోపున నేనూ ఉండేలుబద్ద పట్టినవాడినే. ఒకదాన్ని కొట్టాను కూడా. అరచేతిలో అది చల్లబడడం నేటికీ మరువలేదు.

వాల్మీకంలో లేని ఉడుత కథ ద్విపద రంగనాథ రామాయణంలో ఉన్నదని ఏటేటా పాఠం చెప్పాను. (నా చేతి సంగతి మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు!) విన్న పిల్లలే సాయంత్రం రాళ్ళేరుకునేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వయసుకు వినబడదు.

నిజానికి మాకు కావలసినది ఉడుత కాదు, తోపు. వేట ఒక నెపం. అశోక్‌నగర్, నారాయణగూడ పిల్లలకు తోపు ఏదీ? ఇందిరా పార్కులోనైనా వారిని గంటసేపు చెట్లకింద ఊరకే తిరగనివ్వాలి. రేపు ఆ కుర్రవాణ్ణి వస్తావా అని అడుగుతాను.