ట్రాక్టర్ మనది, పానా కూడా మన చేతిలోనే ఉండాలి

తొలకరి పడగానే దమ్ములకు దిగాల్సిన ట్రాక్టర్లు ఇప్పుడు చాలా ఊళ్లలో చెట్ల కింద నిలబడి ఉన్నాయి. తీరా పొలంలో దిగాక ఆగిపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. కాలువ నీళ్ల వంతు దాటిపోతుంది, నారు ముదురుతుంది, నాట్ల కూలీలు ఇంకొకరికి మాట ఇచ్చేస్తారు. పట్నం నుంచి మెకానిక్ వచ్చేదాకా ఇవేవీ ఆగవు. అప్పు మీద కొన్న బండి అయితే వాయిదా కూడా ఆగదు.

ఆగిపోయే ట్రాక్టర్లలో చాలా వాటి జబ్బు చిన్నదే. దుమ్ము నిండిన ఎయిర్ క్లీనర్, నీళ్లు కలిసిన డీజిల్, వదులైన ఫ్యాన్ బెల్టు, నెలల తరబడి గ్రీజు చూడని నిపుల్. వీటికి మెకానిక్ అక్కర్లేదు. పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు పది నిమిషాలు చాలు.

ఎయిర్ క్లీనర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎండు దుక్కిలో రోటావేటర్ వేసినా, నూర్పిళ్లలో తిరిగినా ఇంజన్ దుమ్ములోనే ఊపిరి తీసుకుంటుంది. ఆయిల్ గిన్నె ఉన్న రకమైతే అలాంటి రోజుల్లో రోజూ విప్పి చూడాలి. అడుగున మడ్డి పేరుకుంటే డబ్బాలోకి వంచి (కాలువలోకి కాదు), గిన్నె డీజిల్‌తో కడిగి, గీత ఉన్న మేరకే కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటితే ఆ ఆయిల్‌ను ఇంజన్ లాగేసుకుంటుంది. కాగితం ఫిల్టర్‌ను నేలకేసి కొట్టకూడదు, తక్కువ గాలితో లోపలి నుంచి బయటికి ఊదాలి. చిన్న చిరుగు కనిపించినా మార్చేయాలి. ఆ చిరుగులోంచి దూరిన సన్నటి ఇసుక పిస్టన్ రింగులను, లైనర్‌ను అరగదీస్తుంది. ఫిల్టర్ ఖరీదు ఎక్కడ, ఇంజన్ విప్పే ఖర్చు ఎక్కడ!

వరి ప్రాంతాల్లో దుమ్ము కన్నా బురద పెద్ద శత్రువు. దమ్ము చేసిన సాయంత్రమే బండి కడిగి, ముందు ఇరుసు నిపుళ్లకు పాత గ్రీజుతో పాటు బురద బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టాలి. గేర్ బాక్సు ఆయిల్ స్టిక్కు తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే సీలు పోయి లోపలికి నీళ్లు దిగినట్టే. ఇక నడపకుండా మెకానిక్‌ను పిలవాల్సిందే. ఇంజన్ ఆయిల్ సీజన్‌కు ఒకసారి మార్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. అవర్ మీటర్ చూసి మార్చాలి. చాలా మోడళ్లకు 250 గంటలని పుస్తకంలో ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఎంత ఉంటే అంత.

ప్రాణం మీదికి వచ్చే పనులూ ఉన్నాయి. రోటావేటర్‌కు చుట్టుకున్న గడ్డి తీసేటప్పుడు ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకోండి. లిఫ్ట్‌ను నమ్మి పనిముట్టు కింద దూరకండి, దుంగలు పెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి.

మన చేతిలో లేని సంగతి ఒకటుంది. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. పొగ తగ్గడం మంచిదే. అయితే ఈ ఇంజన్లకు సెన్సార్లు, కంప్యూటర్ వచ్చి చేరాయి. ఎర్ర లైటు వెలిగితే అర్థం చెప్పే పరికరం ఊరి మెకానిక్ దగ్గర ఉండదు, షోరూంకే పోవాలి. కార్ల విడిభాగాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేశాయని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ 'మరమ్మతు హక్కు' మీద కమిటీ వేసి, అందులో వ్యవసాయ యంత్రాలనూ చేర్చింది. ఆ తర్వాత ఒక పోర్టల్ పెట్టారు. పోర్టల్‌తో పానా తిరగదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లోనే చట్టం చేసి, మాన్యువళ్లు, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది. 2024 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది.

ప్రతి ట్రాక్టర్‌తో తెలుగు మాన్యువల్ ఇవ్వాలని, లోపం చూపే పరికరాలు బయటి మెకానిక్‌లకు అమ్మాలని, సరైన ఆయిల్, ఫిల్టర్ వాడి యజమాని చేసుకున్న సర్వీసు కారణంగా వారంటీ రద్దు చేయరాదని మేము డిమాండ్ చేస్తున్నాం. అంతవరకు వారంటీలో ఉన్న బండికి షరతులు చదివే చేయి పెట్టండి. ఏ గంటకు ఏం మార్చారో నోటుబుక్కులో రాయండి, బిల్లులు పారేయకండి.

గ్రామ శాఖలు దమ్ములకు ముందే ఒక పూట అనుభవమున్న మెకానిక్‌ను పిలిపించి, అందరి ముందు ఒక బండి విప్పి చూపించాలి. గ్రీజు గన్, పానాల సెట్టు, ఫిల్టర్ విప్పే పట్టా శాఖకు ఒకటి ఉంటే అందరికీ పనికొస్తాయి. బండి నడిపేది డ్రైవర్ అయితే అతన్నీ పిలవండి, ఆ పొద్దుటి పది నిమిషాలను కూలి లెక్కలో కలపండి. సొంతంగా సర్వీసు చేసుకున్నందుకు వారంటీ నిరాకరించిన ఉదాహరణలు ఉంటే జాబ్ కార్డు, బిల్లుల నకళ్లు మండల కమిటీకి అందజేయండి. వాటిని జతచేసే వినియోగదారుల శాఖకు వినతిపత్రం పంపుతాం.