కడుపులో బిడ్డ, మనసులో దిగులు

కడుపుతో ఉన్న కోడలు ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే మనం ఏమంటాం? "వేవిళ్లులేమ్మా, మూడో నెల దాటితే అదే పోతుంది" అంటాం. చాలామందికి పోతుంది కూడా. కానీ రెండు వారాలు దాటినా దిగులు వదలక, ఇష్టమైన సంగటి, ఊరిబిండి ముందు పెట్టినా ముద్ద దిగక, రాత్రి నిద్రపట్టక, "నేనెందుకూ పనికిరాను" అంటూ ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మనలాంటి దేశాల గర్భిణుల్లో నూటికి 15 మందికి పైగా ఇలాంటి మానసిక బాధలున్నాయి. అందులో ఎక్కువ భాగం డిప్రెషనే.

అన్నిటికీ హార్మోన్లే కారణమని తోసేయకండి. రాయచోటి వైపు ఎన్ని ఇళ్లలో భర్త కువైట్‌లో, భార్య అత్తగారింట్లో లేరు! స్కానింగ్‌కు ఒంటరిగా వెళ్లి వస్తుంది. ఫోనులో "ఎట్లున్నావు" అంటే "బాగున్నా" అంటుంది. ఇంకేమంటుంది పాపం, చుట్టూ అందరూ ఉండగా! కోసిగి, మంత్రాలయం వైపు వానలు తప్పితే మిరప కోతలకు గుంటూరు ప్రయాణం. నిండు నెలలతో తనూ వెళ్లాలా, ముసలివాళ్లతో ఊళ్లో ఉండిపోవాలా అన్న బెంగ ఆమెది.

ఇద్దరు ఆడపిల్లల తర్వాత నెల తప్పితే మరీ కష్టం. "ఈసారైనా..." అని అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్లూ అనేవాళ్లే. ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి ఉంటుంది, మాట పడేది మాత్రం తల్లి. ముందే చెప్పమని స్కానింగ్ సెంటర్లో అడగడం 1994 చట్టం ప్రకారం నేరం కూడా.

ఒకసారి గర్భం పోయినవాళ్ల భయం వేరు. సీమంతంలో గాజులు తొడిగించుకుంటూ కూడా పోయినసారి ఏ నెలలో పోయిందో లోపల లెక్కపెట్టుకుంటూ ఉంటారు. బిడ్డ మీద ఆశ పెంచుకోవడానికే జంకుతారు. పైగా శుభవార్తకు ఏడుస్తున్నానే అన్న సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు.

రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించండి. తాయెత్తు కట్టిస్తామంటారా, కట్టించుకోండి, డాక్టర్ని మాత్రం మానొద్దు. డిప్రెషన్ కొద్దిగా ఉంటే మాటలతో చేసే చికిత్సే సరిపోవచ్చు. మందులు అవసరమైతే గర్భంతో ఉండగా ఇవ్వదగ్గవి ఉన్నాయి. ఇదివరకే వాడుతున్నవాళ్లు బిడ్డకేమవుతుందోనని సొంతంగా ఆపేయకండి, డాక్టర్ని అడగండి.

కర్నూలు, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యులుంటారు. అంత దూరం వెళ్లలేకపోతే 2022లో మొదలైన టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, రాత్రయినా పగలయినా ఫోను చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

"చచ్చిపోతే బాగుండు" అని ఆమె నోట వస్తే మాత్రం ఉత్తమాటలే అనుకోవద్దు. ఒంటరిగా వదలకండి. పురుగుల మందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.