పని చిన్నది, సంతకం పెద్దది: రొద్దం కాంట్రాక్టర్లకు ఏ పాలసీ కావాలి?

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు రావడం మొదలైంది. ఆ తర్వాత చుట్టుపక్కల పని రూపమే మారింది. రొద్దం, సోమందేపల్లి, పరిగి వైపు నుంచి వైరింగ్, వెల్డింగ్, పెయింటింగ్, ఏసీ రిపేర్ చేసే కుర్రాళ్లు కూలికి కాకుండా సొంతంగా పని ఒప్పుకోవాలని చూస్తున్నారు. తనతో ఇద్దరు హెల్పర్లు, ఒక బైకు, ఒక డ్రిల్లింగ్ మెషీన్ ఉంటే చాలు, కాంట్రాక్టర్ అయినట్టే. కంపెనీ ఇచ్చే వర్క్ ఆర్డర్ నాలుగైదు పేజీలు, అదీ ఇంగ్లీషులో. రేటు ఉన్న పేజీ ఒక్కటే చదివి సంతకం పెట్టేస్తారు.

అసలు సంగతి చివరి పేజీల్లో ఉంటుంది. పనిలో ఎవరికి దెబ్బ తగిలినా, ఏ వస్తువు పాడైనా నష్టం కాంట్రాక్టరే భరించాలనే ఇండెమ్నిటీ క్లాజు అక్కడే ఉంటుంది. ఆ క్లాజు లేకపోయినా చట్టం ఎటూ వదలదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం పని ఇచ్చిన కంపెనీ ముందు పరిహారం కట్టి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో సామాజిక భద్రత కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకుంది. పనికి వచ్చేటప్పుడు, ఇంటికి పోయేటప్పుడు దారిలో జరిగే ప్రమాదానికి పనితో సంబంధం ఉందని తేలితే, దాన్ని కూడా పనిలో జరిగినట్టే లెక్కించాలని కోడ్ చెప్తోంది.

ఇది కాగితం మీది మాట కాదు. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003లో తెల్లవారుజామున బైకు మీద డ్యూటీకి పోతూ ప్రమాదంలో చనిపోయాడు. భార్య, పిల్లలు కోర్టుకెక్కారు. కింద గెలిచారు, హైకోర్టులో ఓడారు, చివరికి 2025 జులైలో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఇరవై రెండేళ్లు పట్టింది. ఎర్రమంచిలో పని ముగించుకుని హైవే మీదుగా రాత్రిపూట రొద్దం చేరే హెల్పర్ విషయంలో ఈ తీర్పు నేరుగా కాంట్రాక్టర్ నెత్తిన పడొచ్చు.

ఎంత పడుతుంది? మరణానికి పరిహారం నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే ఒక అంకెతో గుణించి లెక్కిస్తారు. 2020 జనవరిలో కేంద్రం ఈ లెక్కకు జీతం పరిమితిని 15,000గా పెట్టింది. ముప్పై ఏళ్ల మనిషికి ఆ అంకె 207.98. అంటే 7,500ను 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా. బీమా కంపెనీ పరిహారం, వడ్డీ ఇస్తుంది గానీ జరిమానా ఇవ్వదని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. అది సొంత జేబులోంచే పోతుంది. ‘వాడు రోజుకూలీ కదా, నాకేం సంబంధం’ అనే మాట కూడా నిలవదు. ఆ మినహాయింపు 2000 సంవత్సరపు సవరణతోనే పోయింది.

అందుకే ఇద్దరు హెల్పర్లున్న కాంట్రాక్టర్ మొదట కొనాల్సింది జనం డబ్ల్యూసీ పాలసీ అనే లేబర్ పాలసీ. ప్రీమియం ఏడాది మొత్తం కూలి లెక్క మీద వేస్తారు. ఇక్కడే మనవాళ్లు పొరపాటు చేస్తారు. నలుగురు పని చేస్తుంటే ఇద్దరిని రాయిస్తారు, ఎత్తు మీద పని చేస్తుంటే మామూలు వైరింగ్ అని రాయిస్తారు. అక్కడ మిగిలేది కొన్ని వందలు. క్లెయిమ్ వచ్చిన రోజు కంపెనీ ముందు చూసేది అదే కాగితం. ఆస్పత్రి ఖర్చు కూడా యజమానే ఇవ్వాలని చట్టం అంటుంది గానీ, మామూలు పాలసీలో చాలాసార్లు అది ఉండదు, విడిగా అడిగి చేర్పించుకోవాలి. పనిని మళ్లీ ఇంకొకరికి సబ్ ఇస్తే వాళ్ల మనుషుల కోసం కూడా విడిగా అడగాలి.

హెల్పర్లకు బ్యాంకులో 20 రూపాయల సురక్షా బీమా చేయించాం కదా అంటారు కొందరు. మంచిదే. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. కానీ అది అతని సొంత బీమా, దానివల్ల కాంట్రాక్టర్ బాధ్యత తీరదు. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ కూడా అంతే. అది సొంత షాపు, సామాన్లు కాలిపోతే పనికొస్తుంది, పక్కవాడి నష్టానికి కాదు.

బయటివాళ్లకు, వాళ్ల ఆస్తికి జరిగే నష్టానికి ఉండేది జనరల్ లయబిలిటీ పాలసీ. ఒక ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అని అందులో రెండు అంకెలుంటాయి. ఏజెంట్ పెద్ద అంకె ఒక్కటే చెప్తాడు, రెండూ అడగాలి. మొదట కొంత మొత్తం మనమే భరించాలనే షరతూ ఉంటుంది. రిపేర్ చేస్తున్న ఏసీయే చెడిపోతే సాధారణంగా రాదు. దాని నుంచి మంట లేచి పక్క ప్యానెల్ కాలితే వచ్చే అవకాశముంది. ముఖ్యంగా ఒకటి: చట్టం మోపే బాధ్యతకే పాలసీ. ‘ఆలస్యమైతే రోజుకింత కడతాను’ అని సంతకం పెట్టి నెత్తికెత్తుకున్నదానికి బీమా రాదు. కాబట్టి వర్క్ ఆర్డర్ జిరాక్స్ పక్కన పెట్టుకుని పాలసీ చదవాలి, విడివిడిగా కాదు.

డ్రాయింగులు గీసేవాళ్లకు, అకౌంట్లు రాసేవాళ్లకు, ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ వేరే ఉంది. అది క్లెయిమ్ వచ్చిన రోజు అమల్లో ఉంటేనే పనికొస్తుంది. ఒక ఏడాది రెన్యువల్ మానేస్తే పాత పనులకూ రక్షణ పోవచ్చు. అమెరికా క్లయింట్ ఉంటే అక్కడి కోర్టు కేసులు పాలసీలో ఉన్నాయా అని తప్పక అడగాలి.

2025 సెప్టెంబరులో బీమా మీద జీఎస్టీ తీసేశారని విని చాలామంది వీటికీ వర్తిస్తుందనుకుంటున్నారు. తీసేసింది వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీదే. వీటిమీద 18 శాతం అలాగే ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు, కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు.

ఇక మన ఇళ్లలో వచ్చే ప్రశ్న. ఇది జాయెజేనా? ఓఐసీ ఫిఖ్ అకాడమీ 1985లో కమర్షియల్ బీమాలో గరర్ ఉందని కాదంది, పరస్పర సహకార బీమాను ఒప్పుకుంది. మన దేశంలో తకాఫుల్ కంపెనీ ఏదీ లేదు. ఫతవా ఇవ్వడం వార్తలు రాసేవాళ్ల పని కాదు. కానీ ముఫ్తీ సాహెబ్‌ను అడిగేటప్పుడు ప్రశ్న సరిగా పెట్టాలి. ఇది డబ్బు దాచి లాభం తీసుకునే పాలసీ కాదు. దెబ్బ తగిలినవాడి హక్కు తీర్చడానికి చేసే ఏర్పాటు. పొరపాటున జరిగిన చావుకు కూడా మృతుడి ఇంటివాళ్లకు దియత్ ఇవ్వాలని సూరా నిసా 92వ ఆయత్‌లో ఉంది. ఆ భారాన్ని ఒక్కడి మీదే వదలకుండా బంధువర్గమంతా పంచుకునే ఆఖిలా పద్ధతి ఫిఖ్‌లో ఉంది. తకాఫుల్‌ను సమర్థించే ఆలిమ్‌లు దాన్నే ఆధారంగా చూపిస్తారు. ఈరోజు రొద్దంలో ఏ కాంట్రాక్టర్ ఖాందాన్ పదిహేను లక్షలు పోగు చేయగలదు? అప్పు చేస్తే సూద్, చేయకపోతే ఒక బేవా, యతీమ్ పిల్లల హఖ్ నెత్తిన ఉంటుంది. ఈ రెండు సంగతులూ కలిపి అడగాలి.

ప్రమాదం జరిగితే వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. బీమా కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదని, సెటిల్‌మెంట్ చేయకూడదని పాలసీల్లో షరతు ఉంటుంది. దీన్ని చూసి కొందరు భయపడి ఆస్పత్రి వైపే పోరు. దెబ్బ తగిలినవాణ్ని హిందూపురం ఆస్పత్రికి చేర్చడం, పక్కన కూర్చోవడం తప్పు ఒప్పుకోవడం కిందికి రాదు. రాని లెక్కలు, తెల్ల కాగితాల మీద సంతకాలు మాత్రం ఆ రోజు పెట్టకూడదు.