పరిణామం లేని అనువంశికత

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అనే అధ్యాయం ఉండేది. 2023 పుస్తకానికి వచ్చేసరికి దాన్ని ‘అనువంశికత’గా కుదించారు. కొవిడ్ దెబ్బకు చదువులు కుంటుపడ్డాయి కనుక పిల్లలపై భారం తగ్గిస్తున్నామన్నది 2022లో ఈ కోతకు చెప్పిన కారణం. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖతో అభ్యంతరం చెప్పినా 2023 పుస్తకం మారలేదు.

పన్నెండో తరగతిలో పరిణామం ఉందిగదా అన్నది అధికారుల సమాధానం. ఆ తరగతిలో జీవశాస్త్రం చదివేది ఎందరు? ఎంపీసీ, కామర్స్, ఆర్ట్స్ వైపు వెళ్లేవారికి, పదితోనే బడి మానేసేవారికి పదో తరగతి పాఠమే జీవశాస్త్రంలో చివరిది. రేపటి ఓటర్లలో, తల్లిదండ్రుల్లో అత్యధికులు వారే.

నష్టం ఒక్క పాఠంతో ఆగదు. క్షయకరణ విభజనలో జంట క్రోమోజోములు తమ ముక్కలను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒకే తల్లి బిడ్డలు ఒకేలా ఉండకపోవడానికి ఇదీ ఒక కారణం. ఆ తేడాల మీదే ప్రకృతి వరణం పనిచేస్తుంది. ఈ కొసను తెంచేశాక మెండెల్ బఠానీల 3:1 నిష్పత్తి మార్కుల కోసం బట్టీపట్టే అంకెగా మిగులుతుంది. మెండెల్‌నూ డార్విన్‌నూ కలిపి ఆధునిక జీవశాస్త్రాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన హాల్డేన్ 1957లో ఈ దేశానికి వచ్చి ఇక్కడి పౌరుడయ్యారు. ఆయన శిష్యుడు, తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు అధ్యయనం చేసింది మన ఆంధ్రదేశపు మేనరికాలను. మేనమామ కూతురిని చేసుకుంటే బిడ్డలో దాగిన లోపం బయటపడే అవకాశం ఎందుకు పెరుగుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఏ పాఠ్యపుస్తక రచయితకైనా ఎక్కడ దొరుకుతుంది? ఆడపిల్ల పుట్టిందని కోడలిని సాధించే ఇళ్లు ఇంకా ఉన్న సమాజం మనది. వై క్రోమోజోము వచ్చేది తండ్రి నుంచేనని పుస్తకం చెబుతూనే ఉంది. అది జవాబుపత్రం దాటి ఇంటికి చేరడం లేదు.

భారం తగ్గింపు అన్న వాదనను నమ్మడానికి గతం అడ్డొస్తోంది. డార్విన్ సిద్ధాంతం తప్పని, దాన్ని పాఠ్యాంశాల్లో మార్చాలని 2018లో అప్పటి కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్ అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు ఉమ్మడిగా ఖండించాయి. ఆ మాటకూ ఈ కోతకూ సంబంధం ఉందని మేం అనడం లేదు. అయితే విజ్ఞానశాస్త్రంలో ఏది అవసరమో శాస్త్రవేత్తల అభ్యంతరాన్ని కాదని నిర్ణయించడం ఒకసారి చెల్లితే, రేపు టీకాల పాఠానికో వాతావరణ మార్పుల పాఠానికో అదే కత్తెర ఎదురైనప్పుడు అడ్డుచెప్పే నైతిక బలం ఎవరికుంటుంది?

సొంత పుస్తకాలు రాయించుకునే అధికారం రాష్ట్రాలకు ఉంది. కేంద్రం నమూనాను తెచ్చుకునేటప్పుడు ఈ కోతను కూడా దిగుమతి చేసుకుంటే ఆ తప్పు ఢిల్లీది మాత్రమే కాదు.