రౌతు ఎవరి పనిమీద పోయాడు?

ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర మూడు కంచు విగ్రహాలున్నవి. 1922లో నిలిపారు. మైసూరు, జోధ్‌పూర్, హైదరాబాదు సంస్థానాల ఆశ్వికులకు గుర్తు. రౌతులున్నారు గాని గుర్రాలు లేవు.

హైదరాబాదు రౌతును చూపి ‘మనవాడు’ అని పొంగిపోయే మిత్రులతో నాకు పేచీ వున్నది. మనవాడే, కాదనను. కాని ఎవరి పనిమీద పోయాడు? 1914-18 యుద్ధంలో బ్రిటిషు సామ్రాజ్యం కోసం పోయాడు. నిజాం పంపాడు, అతను వెళ్ళాడు. మా వనపర్తి, గద్వాల సంస్థానాలు ఆ నిజాంకే పేష్కష్ కట్టేవి. సంస్థానాలకు కట్టిందెవరు? రైతు!

మా వనపర్తి కథ మరీ చేదు. రాజు తన ఆఫ్రికా సిద్దీ ఆశ్వికదళాన్ని నిజాంకు కానుకగా సమర్పించాడంటారు. గుర్రాన్ని యిచ్చినట్టే గుర్రం మీది మనిషినీ యిచ్చాడన్నమాట! 1948లో నిజాం పాలన పోయింది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు మిగిలింది. ఆ ‘ఏ’ అక్షరంలో ఆఫ్రికా వున్నదని అక్కడ బస్సు దిగేవాడికి ఎవరు చెప్తారు?

2018లో తీన్‌మూర్తి కూడలికి హైఫా పేరు తగిలించారు. 1918 సెప్టెంబరు 23న హైఫా మీదికి దూకింది జోధ్‌పూర్, మైసూరు రౌతులు. హైదరాబాదు రౌతు సంగతి ఎవరికి పట్టింది?

విగ్రహాలు కూల్చమని నేననను. రౌతు ధైర్యం అబద్ధం కాదు. ఎవరి ఆజ్ఞతో, ఎవరి డబ్బుతో, ఎవరి లాభానికి చచ్చాడో పక్కన రాయమంటాను. ఏ.సి. గార్డ్స్‌లో ఒక రాయి నిలిపి, మనిషిని కానుక చేసిన సంగతి కూడా చెక్కమంటాను. అప్పుడది రౌతు స్మారకం. అంతవరకూ ప్రభువుల స్మారకమే.