పేరు మారితే చాలునా?

సంఘసేవాశాస్త్రం చదివే యువకులు కొందరు విమర్శనాత్మక సిద్ధాంతమనీ, ఆధునికోత్తర వాదమనీ రెండు మాటలను మంత్రాక్షతల వలె చల్లుతున్నారు. ఆ మాటలతో నాకు వైరం లేదు. వ్యాకరణం చదువుకున్నవాణ్ణి, మాటే లోకాన్ని కల్పిస్తుందంటే మురిసిపోయే తెగ మాది. భర్తృహరి పేరు విన్నవానికి ఫూకో మరీ అంత కొత్తగా తోచడు. నా తగవల్లా మాట దగ్గరే కూలబడిపోయేవారితో. నేరస్థుడు, దీనుడు, వెనుకబడినవాడు అనేవన్నీ అధికారం అల్లిన కథనాలు, కథనాన్ని మార్చితే మనిషికి విముక్తి అని వారి వాదం. అది సగం నిజం. తక్కిన సగానికి పారిస్ దాకా పోనక్కరలేదు. మా నరసరావుపేట నుంచి బయలుదేరి బాపట్ల, చీరాలల నడుమనున్న స్టువర్టుపురం చూసి వస్తే చాలు.

ఎరుక చెప్పేవారు గనుక ఎరుకలవారయ్యారంటారు. ఎరుకలసాని రానిదే మన యక్షగానాలలో కథ ముందుకు సాగదు. కోస్తా ఉప్పును ఎడ్ల మీద, గాడిదల మీద లోపలి సీమలకు మోసి, ధాన్యం తెచ్చుకోవడం వారికొక ముఖ్యమైన జీవనాధారం. ఉప్పు మీద కుంపిణీ, సర్కారు పెత్తనం, ఆ వెనుక రైలుబండి కలిసి ఆ వర్తకాన్ని కూల్చాయి. వర్తకం పోయినవాడు దేశదిమ్మరి, దేశదిమ్మరి దొంగ! 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో తిరగరాయబడి మద్రాసు రాజధానికీ వచ్చింది. వేలిముద్రలు, హాజరుపట్టీ, కదలాలంటే అనుమతి. ఎరుక చెప్పేవారు సర్కారుకు ఎరుక పడవలసినవారయ్యారు. జ్ఞానమూ అధికారమూ విడదీయరానివని ఫూకో చెప్పింది ఇదే. ఇంతవరకు ఆధునికోత్తరులకు నా నమస్కారం.

ఇక రెండో సగం. 1913 ప్రాంతంలో వెలసిన ఆ సెటిల్మెంటును నడిపింది పోలీసులు కాదు, సాల్వేషన్ ఆర్మీ. అంటే సంఘసేవకులే. బడి పెట్టారు, ప్రార్థన నేర్పారు, సేద్యం చేయించారు. చీరాల పొగాకు కర్మాగారానికి కూలీలు కూడా అక్కడినుంచే వెళ్ళారు. దయగల చేతిలోనే తాళంచెవి! తల్లిదండ్రుల నుంచి పిల్లలను వేరుచేసి బడులలో ఉంచడానికీ ఆ చట్టంలో వీలుంది. ఈ సేవ వలన ఎవరికి కూలీలు దొరికారు, నేల ఎవరికి దక్కింది అని అడగడమే విమర్శనాత్మక సిద్ధాంతం పని. దానిని పరీక్షలో రెండు పేజీల జవాబుగా కుదించిన వారిని ఏమనాలి?

1952లో చట్టం రద్దయింది. నేరస్థ జాతులు విముక్త జాతులయ్యాయి. శుభం! కథనం మారింది గదా? దాని చోట అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు కూర్చున్నాయి. తరగతిలో కలం పోతే చూపులన్నీ ఏ పిల్లవాడి మీదికి తిరుగుతాయో పల్లెబడులలో పనిచేసిన వారందరికీ తెలుసు. 1991లో ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి, 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. ఊరిపేరు పలికితే చాలు, ప్రేక్షకుడికి దొంగ కనబడాలి.

మా వినుకొండలో పుట్టిన జాషువా కవి కుమార్తె హేమలతా లవణం 1970వ దశకంలో ఆ కుటుంబాల మధ్య పనిచేశారు. వారి గోడు వారి నోట వినడమూ, వారి పునరావాసానికి పాటుపడడమూ ఆమెకు రెండు వేరు శాఖలు కావు. మన పాఠ్యక్రమాలలో ఫూకోకు దొరికిన చోటు ఆమెకెందుకు దొరకదు?

పరదేశపు సిద్ధాంతాలు మనకెందుకు, బ్రహ్మనాయుడి చాపకూడు లేదా అనే పెద్దలూ ఉన్నారు. ఉన్నది, గొప్పది. కారెంపూడి వీరారాధన ఉత్సవాలలో మందపోరు నాడు నేటికీ జరుగుతున్నది. కాని భోజనమయ్యాక చాప చుట్టి ఎవరి పేటకు వారు పోతున్నారు. కూలికి పోయేవాడు మళ్ళీ కూలికే పోతున్నాడు. సహపంక్తిని పొగిడే నోటితోనే భూమి మాట ఎత్తమనండి, ఎందరు మిగులుతారో చూద్దాం.

పల్లెకు క్షేత్రపర్యటనకు వెళ్ళే విద్యార్థులు కథలు సేకరించి తేవడం మంచిదే. ఆ కథ చెప్పిన అవ్వకు ఇంటిస్థలం పట్టా ఉన్నదా, అనుమానం పేరిట ఆమె కొడుకును ఠాణాకు ఎన్నిసార్లు పిలిచారు అనేవి కూడా అదే కాగితం మీద రాయండి. రాయనక్కరలేదనేవారు వ్యాఖ్యలలో వాదించండి. నిఘంటువునూ అడంగలునూ రెంటినీ దగ్గర పెట్టుకునే కూర్చున్నాను.