వంటింటి విజ్ఞానం: బండలో గలగలమనేదేమిటి?

కొత్త గ్యాసు బండను దొర్లించుకొని వస్తూంటే లోపల నీళ్ళు కదిలినట్లు చప్పుడవుతుంది. "గ్యాసని డబ్బు పుచ్చుకొని నీళ్ళు పోశారా యేమిటండీ?" అని మా పక్కింటి పిన్నిగారు అడిగారు. ప్రశ్న మంచిదే.

ద్రవం ఆవిరి కావడానికి మంటే అక్కరలేదు. తడిచీర నీడపట్టున ఆరడం మనమెరిగినదే. ఇక మరగడమంటారా, అది పైనున్న ఒత్తిడినిబట్టి వుంటుంది. సముద్రతీరాన 100 డిగ్రీలకు మరిగే నీళ్ళు బెంగుళూరులో సుమారు 97కే, ఉదకమండలంలో 93కు అటూయిటూగానే మరుగుతాయి. కొండమీద కందిపప్పు ఉడకలేదని కోడలిని అనడం న్యాయం కాదు.

బండలో వుండేవి ప్రొపేను, బ్యూటేను. మొదటిది సున్నకు దిగువ 42 డిగ్రీలకే మరుగుతుంది. రెండవది యించుమించు సున్న దగ్గర. మన వంటింటి వేడికి ఇవి ద్రవంగా నిలవగూడదు. బండలోని ఒత్తిడి వాటిని అణచి వుంచుతోంది. పొయ్యి వెలిగించగానే పైనున్న ఆవిరి కొంత బయటికి పోయి, ఒత్తిడి తగ్గి, అడుగున ద్రవం మరుగుతుంది. అందుకు కావలసిన వేడిని అది తనలోనుంచీ, బండ యినుములోనుంచీ లాక్కుంటుంది. పెండ్లివంటల్లో గంటలకొద్దీ మండిన బండకు చల్లని చెమట పట్టడం, మంట మందగించడం ఇందువల్లనే.

అప్పుడే కొందరు బండను పడుకోబెడతారు, వేడినీళ్ళలో నిలబెడతారు. దయచేసి ఈ రెండూ మానండి. నిలువుగా వుంటే గొట్టంలోకి వచ్చేది ఆవిరి. పడుకోబెడితే ద్రవమే రావచ్చు. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. అది పొయ్యి దగ్గర విచ్చుకుంటే మంట ఏ యెత్తుకు లేస్తుందో ఊహించండి. వేడినీళ్ళు లోపలి ఒత్తిడిని పెంచుతాయి. మిగిలిన గుక్కెడు గ్యాసు కోసం ఇంత సాహసమా!

ఈ ఆవిరికి సహజంగా వాసన లేదు. కారితే తెలియాలని మెర్కాప్టాను అనే దుర్గంధపదార్థం కలుపుతారు. గాలికంటె బరువు గనుక ఇది నేలబారుగా పాకి మూలల్లో, మంచాలక్రింద నిలుస్తుంది. కిటికీ ఒక్కటి తెరిస్తే చాలదు, వాకిలి తలుపూ తెరవాలి. రాత్రివేళ వాసన తగిలితే దీపం స్విచ్చి వేయవద్దు, వెలుగుతున్నది ఆర్పనూవద్దు. ఆ చిన్న మెరుపు చాలు. చీకట్లోనే రెగ్యులేటరు కట్టివేసి, పిల్లలతో బయటికి వచ్చి, అక్కడినుంచి 1906కు ఫోను చేయండి.